లేపుడు దెబ్బ

మా తమ్ముడు బెన్హర్ మీద బ్రెజిల్‌లో ఒక పాట కట్టారన్న సంగతి మా పేటలో అందరికన్నా ముందు నాకే తెలిసింది. నాకు సంతోషం కలగలేదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నయం, లేకపోతే నన్నెవరో మంచి అక్క అనుకుని చివరిదాకా చదివి తిట్టుకుంటారు.

ఆ రోజు వాడు టెక్కలిలో డయాలసిస్ మంచం మీద ఉన్నాడు. నౌపడ పక్కన మా ఊరు. అక్కణ్ణుంచి వారానికి మూడుసార్లు వాణ్ణి ఆటోలో తీసుకెళ్ళి తీసుకురావడం నా పని. నేను రిటైరైన పంతులమ్మని. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. వాడు పాతికేళ్ళు సరుకు ఓడల్లో తిరిగి, పెళ్ళి సంగతి మర్చిపోయి, యాభై దాటాక రెండు కిడ్నీలూ చెడిపోయి నా గుమ్మంలోకి వచ్చి పడ్డాడు. మా వైపు కిడ్నీలు పోవడం వింతేం కాదు. ఆ గదిలో ఎన్ని మంచాలున్నాయో అంతమందీ మా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే.

వాడి ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. ఫిస్టులా అంటారు దాన్ని. సూదులు గుచ్చేది అక్కడే. దాని మీద వేలు పెడితే లోపల జుయ్‌మని తెలుస్తూ ఉంటుంది. రోజూ పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని అక్కడ వేలు పెట్టి చూడటం. అది ఆగిపోయిందంటే మనిషికి రోజులు దగ్గరపడినట్టే.

సూదులున్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టాడు.

"ఇనక్కా. జెరాల్డో పంపినాడు. నా పాట."

మొదట ఎవరిదో బొంగురు గొంతు. భాష తెలీదు. గొంతు కింద డప్పు మొదలైంది. రెండో చుట్టు తిరిగేసరికి గుర్తుపట్టాను. అది మా తాత సోములు వాయించిన దెబ్బ. ఊళ్ళో పెద్దరైతుల ఇళ్ళల్లో ఎవరైనా పోతే, శవం ముందు నడుస్తూ మా తాత కొట్టిన చావుడప్పు. నేను తల పక్కకి జరుపుకున్నాను. వాడు మాత్రం నవ్వుతున్నాడు.

జెరాల్డో ఓడలో వంటవాడు. నల్లవాడు, బహియా అనే చోటివాడు. మావాడు ఇంజను గదిలో పని దిగి వచ్చాక ఇద్దరూ వంటగదిలో కూర్చునేవాళ్ళట. అతని దగ్గర పండేరో అని ఒక వాయిద్యం ఉండేది. మన కంజీరకి పెద్దన్నలాంటిది. దాని మీద వాళ్ళ నాయనమ్మ పాటలు కొట్టేవాడు. ఆవిడ ముత్తవ్వని ఆఫ్రికా నుంచి బానిసగా ఓడలో వేసి పట్టుకొచ్చారు. వాళ్ళ దేవుళ్ళకి వాళ్ళు డోళ్ళు కొట్టుకుంటే పోలీసులొచ్చి లాక్కుపోయేవారు, చర్చి పెద్దలు అది సైతాను పని అనేవారు. ఆ నాయనమ్మ బట్టలుతికే తొట్టి బోర్లించి దాని మీద కొట్టి, దెబ్బలన్నీ మనవడికి అప్పజెప్పి మరీ పోయిందట.

అది విని మావాడు స్టీలు కంచం తీసుకుని, మా నాన్న మంచంపట్టె మీద వేళ్ళతో కొట్టే దెబ్బ వాయించాడు. ఎవరిదని అడిగితే, మా తాతది, మాకూ చర్చిలో అది తప్పని చెప్పి మాన్పించారు అన్నాడు. జెరాల్డో గరిటె వదిలేసి వీణ్ణి కావలించుకుని ఏడ్చాడట. అక్కణ్ణుంచి వాళ్ళిద్దరిదీ విడదీయలేని స్నేహం. తర్వాత అతను ఓడ దిగి ఇంటికి పోయి పాటగాడయ్యాడు. ఇప్పుడు నాయనమ్మ మీద, తన జనం మీద, స్నేహితుల మీద ఒక రికార్డు చేస్తున్నాడు. అందులో ఒక పాట మావాడిది.

ఆ పాట మధ్యలో ఖాళీ ఉంది. డప్పు హఠాత్తుగా ఆగిపోతుంది, కాసేపు ఏమీ వినపడదు, మళ్ళీ గొంతు అందుకుంటుంది. ఎందుకో నాకు తెలుసు. శవాన్ని శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు దారిలో ఒకచోట దింపుతారు. దింపుడు కళ్లం అంటారు. కొడుకు వంగి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తాడు, ఏమో, పలుకుతారేమోనని. డప్పు ఆగేది అక్కడే. పలకలేదని తేలాక, పాడె మళ్ళీ ఎత్తడానికి ఒక వేరే దెబ్బ ఉంది. లేపుడు దెబ్బ. అది పడితేగానీ పాడె లేవదు. మా నాన్న మంచంపట్టె మీద కొట్టినప్పుడల్లా దింపుడు కళ్లం దాకా వచ్చి ఆపేసేవాడు. మావాడికి తెలిసింది అంతవరకే.

"మిగతాది ఎతికి పంపమంటన్నాడక్కా. రెండు నెలల్లో రికార్డు ఒచ్చేస్తాదట. తాత దెబ్బ సగంలో ఒగ్గీకూడదంటన్నాడు." నా ముఖంలోకి చూశాడు. "నువ్వు తాతెంట ఎల్లేదానివట గదా. గుర్తున్నాదేటి?"

"నాకేటి గుర్తుంటాది. ఏడేళ్ళ గుంటని."

నాకు ప్రతి దెబ్బా గుర్తుంది. డప్పు చర్మం కాచడానికి గడ్డి మంట వేసేది నేనే. పాఠాలు చెప్పిన ముప్ఫై ఏళ్ళలో బల్ల మీద చెయ్యి ఊరికే ఆడితే నాకు నేనే చెయ్యి లాక్కునేదాన్ని.

ఆ వారం జెరాల్డో వీడియోలో కనిపించాడు. నెరిసిన గడ్డం, పెద్ద నవ్వు, వెనక గోడకి నాయనమ్మ ఫొటో. నన్ను "మనా" అని పిలిచాడు. వాళ్ళ భాషలో అక్కా చెల్లీ అందర్నీ అలాగే అంటారట. అతనిదీ నాదీ కుంటి ఇంగ్లీషే, అయినా అర్థమైంది. మనవాళ్ళ దగ్గర ఎవరో లాక్కున్నదాన్ని మనం తిరిగి తెచ్చుకోవాలి, అది మన పెద్దలకి మనమిచ్చే గౌరవం, నీకు కొంచెమైనా జ్ఞాపకం లేదా అని అడిగాడు. లేదన్నాను. మంచివాడు, నమ్మేశాడు.

ఆ మంచితనమే నాకు ఒళ్ళుమంట. వాళ్ళ నాయనమ్మ కొట్టింది తన దేవుళ్ళ కోసం. మా తాత కొట్టింది వాళ్ళ వీళ్ళ శవాల కోసం, రమ్మంటే వెళ్ళి, పొమ్మంటే వచ్చి. ఆ రెండూ ఒకటెలా అవుతాయి? ఆ మాట అతనికీ చెప్పలేదు, వీడికీ చెప్పలేదు.

పాట ఊళ్ళోకి పాకడానికి ఎన్నాళ్ళు పడుతుంది, ఫోన్లున్నాయిగా. ఒకరోజు గణపతిరావు మా ఇంటికి వచ్చాడు. మా ఊళ్ళో పెద్దరైతు. ఆ ఇంటి మనిషి మా గడప తొక్కడం నా జన్మలో చూడలేదు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు. టీ ఇస్తే రెండు గుక్కలు తాగి కింద పెట్టాడు.

"ఒరే బెన్హరా, మనూరి డప్పుని పైదేశమోళ్ళు పాటలో ఎట్టినారట్రా! మా మనవడు సూపించినాడు. ఊరికి పేరు తెచ్చినావు."

బెన్హర్ ముఖం వెలిగిపోయింది. లేచి నిలబడి, "తమ దయ బాబూ" అన్నాడు. పాతిక దేశాల రేవులు చూసినవాడు. నాకు ఆ మాట విని చెంప పగలగొట్టాలనిపించింది.

ఇంకో పది రోజులకి గణపతిరావు తల్లి పోయింది. తొంభై ఏళ్ళ మనిషి. పొద్దున్నే వాళ్ళ పాలేరు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"బేండుసెట్టు ఉన్నాది గాని, ముందర బెన్హర్ డప్పు ఉండాలన్నారు బాబు. కోటబొమ్మాళి నుండి డప్పు తెప్పించినారు. బేగి రమ్మన్నారు."

పాలేరు వెళ్ళాక తలుపు వేసి బెన్హర్‌కి అడ్డం నిలబడ్డాను.

"ఎల్లకు. ఆల్ల శవం ముందర డప్పు కొట్టడానికేటి నువ్వు బతికింది?"

"అది కాదక్కా. మునపటిలాగ కాదు, గౌరవంగా పిలిసినారు. ఇంటికొచ్చి కుర్సీలో కూసున్నాడు గదా." చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "మరోటి సెప్పనా? దింపుడు కళ్లం కాడ నిలబడితే నా సేతులకే గుర్తొచ్చీస్తాది. తాత రగతం గదా."

"ఫిస్టులా సేతి మీద బరువు ఎట్టకూడదని డాక్టరు సెప్పలేదేటి?"

"ఒక్క గంట. ఏటవుతాది?"

వాణ్ణి ఆపడానికి అడ్డం నిలబడక్కర్లేదు. ఆ బల్ల మీద లేపుడు దెబ్బ ఒక్క చుట్టు కొడితే చాలు. ఫోన్‌లో రికార్డు చేసుకుని, జెరాల్డోకి పంపుకుని, ఇంట్లోనే కూర్చునేవాడు. ఆ సంగతి అప్పుడే నాకు తెలుసు. తలుపు దగ్గర నుంచి తప్పుకున్నాను.

గొడుగు వేసుకుని వెనకే నడిచాను. మిట్టమధ్యాహ్నం ఎండ. ఊరంతా వచ్చింది. బాణాసంచా, పూలు, వెనక ఎర్రచొక్కాల బేండు. అందరికన్నా ముందు మా తమ్ముడు. డప్పు తాడు ఎడమ భుజానికి తగిలించి, డప్పుని ఎడమ ముంజేత్తో రొమ్ముకి అదిమి పట్టుకున్నాడు. ఎక్కడైతే నేను రోజూ వేలు పెట్టి చూస్తానో సరిగ్గా అక్కడ చెక్క అంచు ఒత్తుకుంటోంది. చెమటలు కారుతున్నాయి. రోజుకింత అని కొలిచి నీళ్ళు తాగే మనిషి. కొట్టుడు మాత్రం బాగా కొట్టాడు. పెద్దవాళ్ళు కొందరు, "అచ్చం సోములే" అన్నారు. వాడికి వినపడింది, ఇంకా హుషారుగా కొట్టాడు.

ఉప్పుమళ్ళ దారి చీలేచోట పాడె దింపారు. డప్పు ఆగింది. గణపతిరావు వంగి తల్లి చెవిలో మూడుసార్లు పిలిచాడు. ఆవిడ పలకలేదు. మోసేవాళ్ళు పాడె మీద చేతులు వేసి నిలబడ్డారు. కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. బేండువాళ్ళకి ముందే చెప్పి ఉంచారు కాబట్టి వాళ్ళూ ఆగారు. అందరూ బెన్హర్ వైపే చూస్తున్నారు.

వాడి చేతులకి ఏమీ గుర్తురాలేదు. పుల్లలు గాలిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జనంలో నన్ను వెతికి పట్టుకుని చూశాడు. ఏమీ తెలియదన్న అక్క వైపు ఎందుకు చూశాడో నాకు తెలియదు. చిన్నప్పుడు బళ్ళో లెక్క రాకపోతే అలాగే చూసేవాడు. నేను గొడుగు ముఖం మీదకి దించుకున్నాను.

"ఏట్రా సూస్తన్నావ్? కొట్టు!" గణపతిరావు గొంతు.

కొట్టాడు. దిక్కు తోచక జెరాల్డో పండేరో మీద కొట్టే దెబ్బ కొట్టాడు, సాంబా అని వాళ్ళు పండగల్లో చిందులేసేది. ఒక కుర్రాడు నడుం తిప్పుతూ గెంతాడు. జనం గొల్లుమన్నారు.

"ఒరే నా కొడకా, మా యమ్మ సావనుకున్నావా, నీ ఓడలో పార్టీ అనుకున్నావా? దీనికేనేట్రా నీకు అంత పేరు? ఎనక్కి నడు!"

బేండువాళ్ళు సినిమా పాట అందుకున్నారు. పాడె లేచింది. వాడు మాత్రం వెనక్కి వెళ్ళి, ఊరుకోకుండా, చితిదాకా డప్పు మోసుకునే నడిచాడు. తర్వాత పశువుల పాక దగ్గర విస్తట్లో అన్నం పెట్టారు. కొత్త తువ్వాలు ఒకటి తగలకుండా పైనుంచి వాడి దోసిట్లో పడేశారు. అదీ డప్పూ తీసుకుని ఇంటికొచ్చాడు. కుర్రాళ్ళు నెట్‌లో పెట్టిన వీడియోల్లో, పాడె దింపకముందు ఊరేగింపు ముక్క జెరాల్డో అప్పటికే చూసేశాడు. నీ ఊరు నిన్ను ఎంత గౌరవించిందో చూశాను, గర్వంగా ఉంది అని పంపాడు. బెన్హర్ అవునని జవాబు పెట్టాడు.

నేను వాడి చేతి మీద వేలు పెట్టాను. ఏమీ తెలియలేదు. ఇంకాస్త పైన, ఇంకాస్త కింద పెట్టి చూశాను. లోపల చప్పుడు లేదు.

రక్తం గడ్డ కట్టేసిందన్నారు టెక్కలిలో. డయాలసిస్ ఆగకుండా మెడలో గొట్టం వేశారు. ఆ ఆదివారం మా బాప్తిస్టు సంఘంలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరున రొట్టే ద్రాక్షరసమూ పంచే రోజు. గొట్టం కనపడకుండా తువ్వాలు చుట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంఘపెద్ద జ్ఞానానందం లేచి, అన్యుల శవం ముందు డప్పు కొట్టినవాణ్ణి, పశ్చాత్తాపం చెప్పుకునేదాకా బల్ల నుంచి ఆపేశామని చదివాడు. రొట్టె పళ్ళెం వాడి తల మీదుగా నా దగ్గరకు వచ్చింది. నేను నా ముక్క తీసుకుని నమిలాను. గొంతుకి అడ్డం పడిందని రాయాలని ఉంది. పడలేదు.

గొట్టం దగ్గర చీము పట్టింది. జ్వరం దిగలేదు. చివరికి ఆసుపత్రిలో ఉండనని మొండికేసి ఇంటికి వచ్చేశాడు. ఒక మధ్యాహ్నం మంచం మీద నుంచి పిలిచాడు. ఫోన్ రికార్డింగు పెట్టి దిండు మీద ఉంచుకున్నాడు.

"అక్కా, కొంచెమైనా గుర్తు సేసుకోయే. తప్పైనా పర్లేదు. జెరాల్డో సరిసేసుకుంటాడు. నాకు ఆ ఒక్కటీ సాలు."

ఇక నటించే ఓపిక నాకు లేకపోయింది.

"నాకు తెలుసురా. మొత్తం తెలుసు. సెప్పను."

వాడికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను చెప్పుకుపోయాను. అప్పుడు వీడికి ఏడాది. గణపతిరావు తాత పోయాడు. మా తాతకి మూడు రోజులుగా జ్వరం. అయినా పిలిపించారు. నేను గడ్డి మోపు పట్టుకుని వెంట ఉన్నాను. దింపుడు కళ్లం దగ్గర, ఆ చీలుదారిలోనే, తాత కూలబడిపోయాడు. బాబూ, గుక్కెడు నీళ్ళు అన్నాడు. పాడె లేపాక తాగుదువుగాని అన్నారు. లేవలేకపోయాడు. మొన్న పోయిన ముసలమ్మ మొగుడు, గణపతిరావు తండ్రి, చెప్పుకాలితో వీపు మీద తన్నాడు. తాత మోకాళ్ళ మీద లేచి లేపుడు దెబ్బ కొట్టాడు. ఒక్కో దెబ్బకీ ఒక్కో తన్ను.

"రెండు రోజులకి పోనాడు. తాత సావుకి డప్పు నేదు. ఎవుడు కొడతాడు? నాన్న డప్పుని ఉప్పుటేట్లో గిరాటేసి, ఎల్లి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ దెబ్బ ఇంటే నాకు పాట ఇనపడదురా. తన్నులే ఇనపడతాయి. దానికి ఎవుడో సప్పట్లు కొడితే నాను సూడనేను. అది నాతోనే పోవాలి."

వాడు ఏడుస్తాడనుకున్నాను. తాతని తలుచుకుంటాడనుకున్నాను. నా వైపు నిలకడగా చూశాడు.

"అయితే ఆ రోజు సీలుదారికాడ నీకు తెలుసు."

"తెలుసు."

"ఊరంతా నవ్వుతుంటే, తెలిసీ నిలబడ్డావు."

నేను వాడి మీద దుప్పటి సర్దబోయాను.

"తాతని ఆల్లు తన్నినారు. నువ్వు గొడుగు దించుకున్నావు." ఫోన్ ఆపేశాడు. "నాకైతే ఆ తన్నే నయమక్కా. తాతకి ఆ దెబ్బైనా వచ్చు."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత రెండు రోజులు బతికాడు. నేను చెంచాతో నీళ్ళు పెడితే పళ్ళు బిగించేవాడు. పక్కింటి ఝాన్సీ పెడితే తాగేవాడు. ఆ పిల్ల నా ముందు సిగ్గుపడేది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి, వాడు గుటక వేసిన చప్పుడు వినేదాన్ని. గురువారం పోయాడు.

బల్ల నుంచి ఆపినవాడు కాబట్టి సమాధుల తోటలో గోడవారకి చోటిచ్చారు. పాస్టరుగారు పొట్టి ప్రార్థన చేశారు. పాట పాడలేదు. గణపతిరావు మనిషిని పంపాడు, పోయినవాడి కోసం కాదు, కోటబొమ్మాళి డప్పు మా ఇంట్లో ఉండిపోయిందని.

మర్నాడు జెరాల్డో ఫోన్ చేశాడు. చాలాసేపు ఏడ్చాడు. నేను టీచరు గొంతుతో నెమ్మదిగా అన్నీ చెప్పాను, చెప్పదగ్గవి. చివరికి అడిగాడు, ఆ దెబ్బ దొరికిందా అని.

"దొరకలేదు" అన్నాను. "తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు."

వాళ్ళ నాయనమ్మ చనిపోతూ ఆఖరి దెబ్బ అతని అరచేతిలో కొట్టి చూపించి పోయిందట. నీకూ నీ తమ్ముడికీ ఆ అదృష్టం దక్కలేదు మనా, అన్నాడు. పాటలో ఆ చోటు ఖాళీగానే ఉంచేస్తానన్నాడు. రికార్డు మీద కృతజ్ఞతలు రాసేచోట సోములు పేరు, బెన్హర్ పేరు, వాటి కింద ఆఖరిదాకా వాణ్ణి కంటికి రెప్పలా చూసుకున్న అక్క పేరు వేస్తానన్నాడు.

వద్దని అనలేదు నేను. పేరు ఎలా రాయాలో చెప్పమన్నాడు. జ్ఞానసుందరి అని ఒక్కో అక్షరమే విడగొట్టి చెప్పాను. ఒకచోట తప్పు రాసుకున్నాడు. మళ్ళీ చదివించుకుని దిద్దించాను.